క్లావెరియా పంచిన ఇంటిపేర్లు

ఫిలిప్పీన్స్‌లో గార్సియా, తోర్రెస్ వంటి ఇంటిపేరు వినగానే ఆ వంశంలో ఎక్కడో ఒక స్పానిష్ తాత ఉన్నాడనుకుంటాం. చాలా ఇళ్లలో అలాంటి తాత ఎవరూ లేరు. ఆ పేర్లలో అధికభాగం ఒకే ప్రభుత్వ ఉత్తర్వు వెంట వచ్చాయి. దాని తేదీ 1849 నవంబరు 21.

అప్పటికి ఆ దీవుల్లో స్పెయిన్ పాలన మొదలై దాదాపు మూడు వందల ఏళ్లు. అయినా స్థానికుల్లో తరం నుంచి తరానికి సాగే ఇంటిపేరు అరుదు. బాప్తిస్మం పొందినవారు భక్తికొద్దీ దె లా క్రూజ్ అనో, దె లోస్ సాంతోస్ అనో పెట్టుకునేవారు. ఒక్క ఇంట్లోనే అన్నదమ్ములకు వేర్వేరు పేర్లుండేవి, ఒక్క ఊళ్లోనే సంబంధం లేని పదిమందికి ఒకే పేరు ఉండేది. పన్ను ఎవరు కట్టారో, ఎవరు ఊరు మారి ఎగ్గొట్టారో తేల్చడం అధికారులకు తలనొప్పి. పెళ్లి చేయబోయే జంట దగ్గరి చుట్టాలో కాదో చర్చి గురువుకూ తెలిసేది కాదు.

గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా ఈ గందరగోళాన్ని సహించే మనిషి కాదు. మెక్సికో మీదుగా వచ్చిన ఓడల లెక్క వల్ల మనీలా తేదీ మిగతా ఆసియా కన్నా ఒక రోజు వెనకబడి ఉందని, 1844 డిసెంబరు 31ని క్యాలెండరు నుంచే తీసేయించాడు. ఇంటిపేర్లనూ అలాగే చక్కదిద్దాలనుకున్నాడు. వేలాది పేర్లతో అక్షరక్రమంలో ఒక జాబితా సిద్ధమైంది. అందులో స్పానిష్ పేర్లతో పాటు చెట్లు, లోహాలు, ఊళ్ల పేర్లు, స్థానిక భాషల మాటలు, చివరికి నలుగురిలో పలకడానికి సిగ్గుపడే మాటలు కూడా చేరాయి. పేరుకు అర్థమేమిటన్నది దొరగారికి పట్టలేదు, ఒక కుటుంబాన్ని మరో కుటుంబం నుంచి విడదీస్తే చాలు. నాలుగు తరాలుగా ఒకే పేరు వాడుతున్నామని చూపగలిగినవారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

అమలు తీరు మరీ విచిత్రం. జిల్లా అధికారులు జాబితాలో కొన్ని పుటలు ఒక్కో ఊరికి పంపారు; ఇంటి పెద్దలు వాటిలోంచే పేరు ఎంచుకోవాలి. దాంతో బికోల్ ప్రాంతంలో కొన్ని ఊళ్లలో ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలయ్యాయి. మన కందుకూరివారు, టంగుటూరివారు పూర్వీకుల ఊరిని పేరులోనే మోస్తున్నారు. ఆ బికోల్ ఊళ్లవాళ్లకైతే ఊరి జాడ తెలియడానికి పేరులో మొదటి అక్షరమే చాలు.

ఆ దేశపు మహానాయకుడు హోసే రిజాల్ ఇంటిపేరుకూ ఈ చరిత్రలో చోటుంది. ఆయన పితృవంశానికి మూలపురుషుడు చైనా నుంచి వచ్చిన వర్తకుడు. ఇంటిపేరు మెర్కాదో, అంటే సంత. ఉత్తర్వు తర్వాత తండ్రి రిజాల్ అనే పేరు చేర్చుకున్నా, వ్యవహారంలో ఇంట్లో పాతపేరే నడిచింది. 1872లో మనీలాలో తిరుగుబాటు ఆరోపణపై ఫాదర్ బుర్గోస్ అనే చర్చి గురువుకు ప్రభుత్వం మరణశిక్ష అమలు చేసింది. రిజాల్ అన్న పాసియానో ఆ గురువుకు సన్నిహితుడు కావడంతో మెర్కాదో పేరు మీద అనుమానపు చూపు పడింది. అదే ఏడాది మనీలా బడిలో చేరుతున్న తమ్ముణ్ణి రిజాల్ అనే రాయించుకోమన్నాడు పాసియానో. ప్రజల ఆచూకీ తెలియడానికి ప్రభుత్వం తెచ్చిన పద్ధతే ఆ పిల్లవాడు ఎవరి తమ్ముడో ప్రభుత్వానికి తెలియకుండా దాచింది. ఆ రక్షణ ఎంతోకాలం నిలవలేదు. రిజాల్ రాసిన నవలలతో ఆ కొత్త పేరే పాలకులకు కంటగింపైంది. 1896 డిసెంబరు 30న ఆయనను కాల్చి చంపారు.