ఇంటి కంప్యూటర్‌కు ఏ వీడియో ప్లేయర్? ఎక్కడి నుంచి, ఎలా?

2022లో కొన్ని నెలలపాటు మన దేశంలో వీఎల్‌సీ ప్లేయర్ అధికారిక వెబ్‌సైట్ తెరుచుకోలేదు. దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థకు ముందుగా నోటీసు లేదు, జనానికి కారణమూ చెప్పలేదు. ఇంటర్నెట్ ఫ్రీడం ఫౌండేషన్ సాయంతో ఆ సంస్థ అక్టోబర్‌లో కేంద్రానికి లీగల్ నోటీసు పంపాక, నవంబర్‌లో ఆ నిషేధం తొలగింది. అప్పటికే చాలామంది ‘వీఎల్‌సీ డౌన్‌లోడ్’ అని వెతికి, ముందు కనిపించిన ఏదో ఒక సైట్ నుంచి దించుకున్నారు. అసలు గుమ్మం మూస్తే జనం దొడ్డిదారి పట్టడం సహజమే. ఆ దారిలో వచ్చిన ఫైల్ మంచిదో కాదో తెలుసుకునే ఓపిక మాత్రం చాలామందికి ఉండదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో సిమాంటెక్ ఒక నివేదిక ఇచ్చింది. చైనాతో సంబంధం ఉందని చెబుతున్న ఒక హ్యాకర్ల ముఠా నిఖార్సయిన వీఎల్‌సీ ఫైల్ పక్కనే తమ హానికర ఫైల్‌ను పెట్టి, దాన్ని వీఎల్‌సీ చేతే నడిపిస్తోందని అందులో ఉంది. అలా చేయాలంటే ఆ కంప్యూటర్‌లోకి వాళ్లు ముందే చొరబడి ఉండాలి. కాబట్టి అది ప్లేయర్ తప్పు కాదు. ప్లేయర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకున్నామన్నది, ఏ ప్లేయర్ అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతని మాత్రం ఇక్కడ తెలుస్తుంది. వీడియోలాన్ డాట్ ఓఆర్‌జీ నుంచి, లేదంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి మాత్రమే తీసుకోండి. విండోస్‌లో ఇన్‌స్టాలర్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూస్తే వీడియోలాన్ పేరు కనిపించాలి. కనిపించకపోతే డిలీట్ చేసేయండి. సినిమా మధ్యలో ‘ఈ కోడెక్ దించుకోండి’ అంటూ వచ్చే బొమ్మను నొక్కనే కూడదు.

అసలు కోడెక్ అంటే ఏమిటి? ఎంకేవీ, ఎంపీ4 వంటివి డబ్బాల పేర్లు. డబ్బాలో వీడియో ఒకటి, ఆడియోలు ఒకటో నాలుగో, సబ్‌టైటిళ్లు విడివిడిగా ఉంటాయి. వాటిని కుదించిన పద్ధతే కోడెక్. డబ్బా తెరుచుకున్నా లోపలి కోడెక్ ప్లేయర్‌కు తెలియకపోతే బొమ్మ లేకుండా మాటలు, లేదా మాటలు లేకుండా బొమ్మ వస్తుంది. విండోస్‌తో వచ్చే ప్లేయర్‌తో ఇదే చిక్కు. హెచ్.265 వీడియోల కోసం చాలా కంప్యూటర్లలో స్టోర్ నుంచి కొద్దిపాటి డబ్బు పెట్టి ఒక అదనపు భాగం కొనాలి. విండోస్ 8 నుంచి మామూలు డీవీడీలు ఆడించే సదుపాయమూ పోయింది. వీఎల్‌సీ దాదాపు అన్ని కోడెక్‌లనూ తనలోనే మోసుకొస్తుంది.

1996లో ఎకోల్ సెంత్రాల్ పారిస్ విద్యార్థులు మొదలుపెట్టిన పని ఇది. 2001లో జీపీఎల్ లైసెన్స్ కింద కోడ్‌ను అందరికీ విడుదల చేశారు. ఆ విద్యార్థుల సంఘం రోడ్ల మీది ట్రాఫిక్ కోన్లను పోగుచేసేదట, ఆ నారింజ బొమ్మ అక్కడి నుంచే వచ్చింది. ఇందులో ప్రకటనలు లేవు, డబ్బు అడగదు.

వేరేవి లేవా అంటే ఉన్నాయి. పాత, బలహీనమైన కంప్యూటర్‌కు ఎంపీసీ-హెచ్‌సీ తేలిక. దాని అసలు బృందం 2017లో పని ఆపేసినా మరొకరు కొనసాగిస్తున్నారు. ఎంపీవీలో బొమ్మ నాణ్యత బాగుంటుంది కానీ సెట్టింగులన్నీ ఒక ఫైల్‌లో రాసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కు అది పనికిరాదు. కొరియా నుంచి వచ్చిన పాట్‌ప్లేయర్ చాలామందికి ఇష్టం. నాకు మాత్రం కోడ్ బయటపెట్టని ప్లేయర్ మీద అంత నమ్మకం లేదు. మ్యాక్‌లో అయితే ఐఐఎన్ఏ బాగుంటుంది.

ఇక సెట్టింగులు. మొదటిసారి తెరిచినప్పుడు ఇంటర్నెట్ నుంచి సినిమా వివరాలు తెచ్చుకోవచ్చా అని వీఎల్‌సీ అడుగుతుంది. అక్కడ టిక్ తీసేయడం మంచిది. వీడియోలన్నీ ఇందులోనే తెరుచుకోవాలంటే విండోస్ సెట్టింగుల్లో యాప్స్, డీఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి మీరే మార్చాలి.

మన ఇళ్లలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు తెలుగు సబ్‌టైటిళ్ల గురించే. అక్షరాల స్థానంలో డబ్బాలు వస్తే ఫాంట్ లోపం. కంట్రోల్, పి నొక్కి సబ్‌టైటిల్స్ పేజీలో ఫాంట్‌గా నిర్మలా యూఐని ఎంచుకోండి, విండోస్ 8 నుంచి అది కంప్యూటర్‌తోనే వస్తోంది. అర్థంకాని గుర్తులు వస్తే అదే పేజీలో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చాలి. అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం చేయగలిగింది లేదు. ఎవరో ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ పద్ధతిలో సేవ్ చేశారు, తెలుగు అక్కడే పోయింది. సబ్‌టైటిల్ ఫైల్‌కు సినిమా ఫైల్ పేరే పెట్టి అదే ఫోల్డర్‌లో ఉంచితే దానంతటదే కనిపిస్తుంది. మాటకూ రాతకూ పొంతన లేకపోతే జి, హెచ్ మీటలతో, పెదవులకూ మాటకూ పొంతన లేకపోతే జె, కె మీటలతో సరిచేయవచ్చు. డబ్బాలో తెలుగు, తమిళం, హిందీ ఆడియోలు కలిసి ఉంటే బి నొక్కుతూ పోతే ఒక్కోటి మారుతుంది. ప్రతిసారీ ఆ శ్రమ ఎందుకనుకుంటే ఆడియో పేజీలో ఇష్టమైన భాష దగ్గర టి, ఇ, ఎల్ అనే ఇంగ్లిష్ అక్షరాలు రాయండి.

మాటలు వినిపించవు, పాట రాగానే ఇల్లు అదిరిపోతుంది. దీనికి వాల్యూమ్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు. థియేటర్ కోసం ఆరు చానళ్లలో కలిపిన శబ్దంలో మాటలు ఎక్కువగా మధ్య చానల్‌లో ఉంటాయి. దాన్ని రెండు చిన్న స్పీకర్లలోకి ఇరికించేసరికి అవి అణిగిపోతాయి. కంట్రోల్, ఇ నొక్కి ఆడియో ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్‌ను ఆన్ చేస్తే హెచ్చుతగ్గులు తగ్గుతాయి.

బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ఇన్‌పుట్, కోడెక్స్ పేజీలో హార్డ్‌వేర్ డీకోడింగ్ చూడాలి. ఆఫ్‌లో ఉంటే ఆటోమేటిక్ పెట్టండి. బొమ్మ ఆకుపచ్చగా మారినా, ముక్కలైనా దాన్ని ఆపి చూడండి. 10 బిట్ల హెచ్.265 వీడియోను ఇంటెల్ చిప్‌లు పూర్తిగా హార్డ్‌వేర్‌తో నడపడం 7వ తరం నుంచే మొదలైంది. అంతకన్నా పాత లాప్‌టాప్ తడబడితే అది ప్లేయర్ లోపం కాదు. అలాంటి దానిలో హెచ్.264 ఫైల్ చూసుకోవడమే మేలు.

నేను వీఎల్‌సీని ఎక్కువగా వాడింది సినిమాలకు కాదు, మా ఇంటి పాత పెళ్లి డిస్కుల కోసం. వీసీడీలో ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ ఫైళ్లు ఉంటాయి, వీఎల్‌సీ వాటిని నేరుగా ఆడిస్తుంది. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయాలి. లోపలి వీఓబీ ఫైళ్లలో ఒక్కోటి దాదాపు ఒక జీబీ ఉంటుంది. ఒక్క ఫైల్ తీసుకుంటే తలంబ్రాల దగ్గరే ఆగిపోతుంది. ఎవరైనా కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే డి నొక్కండి. ఆనాటి కెమెరాలు ఒక్కో బొమ్మను రెండు సగాలుగా తీసేవి, ఆ మీట రెండింటినీ కలుపుతుంది.

అమెరికాలో ఉన్న బంధువులకు డిస్కు పంపేవారికి ఒక మాట. కంపెనీలు అమ్మే డీవీడీలకు ప్రాంతాల సంఖ్యలుంటాయి. మనది 5, అమెరికాది 1. కంప్యూటర్ డ్రైవ్ ప్రాంతాన్ని ఐదుసార్లే మార్చగలం, ఆ తర్వాత చివరి సంఖ్య దగ్గరే బిగుసుకుపోతుంది. వీఎల్‌సీ చాలా డ్రైవ్‌లలో ఆ మార్పు లేకుండానే ఆడిస్తుంది. ఇంట్లో రాయించుకున్న పెళ్లి డిస్కులకు ప్రాంతం అడ్డు ఉండదు. కానీ అవి ఏళ్లు గడిచేకొద్దీ చదవడానికి మొరాయిస్తాయి. మా నాలుగు డిస్కుల్లో మూడే పూర్తిగా కాపీ అయ్యాయి. నాలుగోది అప్పగింతల డిస్కు, సగంలో ఆగింది. ఇంకో రెండు డ్రైవ్‌లలో పెట్టి చూశాక మరికొంత వచ్చింది.