పాటను మోసిన సంఘాలు

ఎండలు ముదిరే నాటికి కృష్ణగిరి జిల్లా పల్లెల్లోనూ, ఆ పక్కనే ఉన్న కుప్పం, చిత్తూరు సీమలోనూ ధర్మరాజుల గుళ్ల ముందు పందిళ్లు లేస్తాయి. భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. తమిళం మాట్లాడే ఊళ్లలో దాన్నే తెరుక్కూత్తు అంటారు. అర్జున తపస్సు నాడు చూడాలి ఆ సందడి. ఎత్తైన మాను ఒకటి నాటి, ఎక్కడానికి అడ్డకర్రలు కట్టి, పైన చిన్న మంచె వేస్తారు. అర్జునుడి వేషగాడు ఒక్కో కర్ర మీద ఆగి పద్యమో పాటో అందుకుంటూ పైకెక్కుతాడు. కింద హార్మోనియం, మృదంగం, ముఖవీణ. మంచె చేరాక అతను నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి వేస్తుంటే, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కొంగు పట్టి నిలబడతారు. గాలికి మాను ఊగినా పాట మాత్రం ఆగదు.

ఆ పాటకు వెనక ఒక లెక్కల పుస్తకం ఉంటుంది. ద్రౌపది కల్యాణం నాటి ఖర్చు ఒక వంశం వారి ఉభయం, బకాసుర వధ నాటిది ఇంకో వీధి వారి ఉభయం. మిగతాది ఇంటింటి చందా. నాటకం జట్టుకు తాంబూలం ఇచ్చి రోజు ఖాయం చేసుకునేది, వాళ్లకు బస, భోజనం చూసేది, చివరి రోజు లెక్క తేల్చి పంపేది ఊరి ఉత్సవ కమిటీయే. సంగీతం గురించి రాసేటప్పుడు గాయకుడి గొంతు గురించి, రాగం గురించి పుటలు పుటలు రాస్తారు. పందిరి వేయించినవాళ్ల గురించి, చందా పుస్తకం చంకన పెట్టుకుని తిరిగినవాళ్ల గురించి రాసింది చాలా తక్కువ. కానీ రాజులు పోయాక ఈ సీమలో తెలుగు పాట నిలబడింది వీళ్ల చేతుల మీదే.

హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరులో పుట్టిన రాజగోపాలాచారి పెద్దయ్యాక మహాభారతాన్ని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ తిరిగి చెప్పి లక్షలమందికి చేర్చారు. అదే ఏడాది నవంబరులో మైసూరు దగ్గరి నంజనగూడులో ఒక దేవదాసి కడుపున ఇంకో బిడ్డ పుట్టింది. ఆ అమ్మాయే బెంగళూరు నాగరత్నమ్మ. రసికులూ విద్వాంసులూ కలిసి ఒక సంగీతాన్ని ఎలా కాపాడుకుంటారో చెప్పాలంటే ఆమె కథ లేకుండా కుదరదు.

నాగరత్నమ్మకు బెంగళూరులో పాట నేర్పిన మునుస్వామప్ప వాలాజాపేట శిష్య పరంపరకు చెందినవారు. ఆ పరంపరకు మూలపురుషుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్. సౌరాష్ట్ర కుటుంబంలో పుట్టి, అయ్యంపేట నుంచి తిరువయ్యారు వెళ్లి త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్నారు. స్వామి కీర్తనలను ఆయనా, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతారూ రాసిపెట్టకపోతే ఈనాడు మనం పాడుకునే వాటిలో ఎన్ని మిగిలేవో. ఆ రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరి భద్రంగా ఉన్నాయి. ఒక కులసంఘం ఊరి పెళ్లిళ్లు, బడులు చూసుకుంటూనే తెలుగు కీర్తనల కట్టలను కూడా తన ఆస్తిగా దాచిపెట్టిందన్నమాట! చిత్తూరు గిరింపేటలో పుట్టిన సదాశివరావు కూడా వేంకటరమణ భాగవతార్ శిష్యుడే. ఆయన మైసూరు ఆస్థానానికి వెళ్లి, మైసూరు సదాశివరావుగా ప్రసిద్ధుడై, వీణ శేషణ్ణ లాంటివారికి నేర్పారు. నేడు వాలాజాపేట నుంచి బెంగళూరు వెళ్లే పెద్ద రోడ్డు కృష్ణగిరి, హోసూరు మీదుగానే పోతుంది. ఈ దారికి ఆ చివరా ఈ చివరా త్యాగరాజ కీర్తన ఇలా పాతుకుంది.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. శిష్యులు ఎవరి ఇళ్లలో వాళ్లు ఆ తిథి నాడు ఆరాధన చేసుకున్నారు కానీ సమాధిని పట్టించుకున్నవాళ్లు లేక అది పాడుపడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొందరు శిష్య ప్రశిష్యులు పూనుకుని దానికి మరమ్మతు చేయించారు. ఆ తరువాత తిల్లైస్థానం నరసింహ భాగవతార్, ఆయన తమ్ముడు పంజు భాగవతార్ వంటివారు చందాలు పోగుచేసి తిరువయ్యారులోనే ఆరాధన జరపసాగారు. అన్నదానం, ఉంఛవృత్తి, పాట. నరసింహ భాగవతార్ 1908లో త్యాగరాజ కీర్తనలను తెలుగు లిపిలో అచ్చువేయించారు కూడా.

నలుగురు కలిసిన చోట తగాదా రాకుండా ఉంటుందా? కొద్దికాలానికే ఆ బృందం రెండుగా చీలింది. పెద్ద కట్చి, చిన్న కట్చి అని పేర్లు స్థిరపడ్డాయి. కట్చి అంటే తమిళంలో పక్షం. ఫిడేలు విద్వాంసుడు మలైకోట్టై గోవిందస్వామి పిళ్లై ఒక పక్క, శూలమంగళం వైద్యనాథ భాగవతార్ మొదలైన హరికథకులు ఇంకో పక్క. ఒకరి ఉత్సవం బహుళ పంచమితో ముగిస్తే, ఇంకొకరిది ఆ రోజే మొదలయ్యేది. ఒక విషయంలో మాత్రం రెండు కట్చిలకూ తేడా లేదు. ఆడవాళ్లకు ఆ వేదిక మీద చోటు లేదు.

ఆ కాలానికి నాగరత్నమ్మ చెన్నపట్నంలో పేరుమోసిన గాయని. తెలుగు, కన్నడం, సంస్కృతం చదువుకున్న పండితురాలు. ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని పరిష్కరించి 1910లో ప్రచురించి, అశ్లీలమన్న నిందను, నిషేధాన్ని ఎదుర్కొన్న మనిషి. స్వామి సమాధి మళ్లీ దిక్కులేకుండా పడి ఉందని మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం ఆమెను కదిలించింది. 1921లో శంకుస్థాపన, 1925లో ప్రతిష్ఠ. నేల సంపాదించడం దగ్గర్నుంచి గుడి గోడల దాకా ఆమె సొంత సంపాదనతో లేచినవే. అంత చేసినా, తాను కట్టించిన గుడి ముందు తానే పాడటానికి వీల్లేదన్నారు.

ఆమె ఊరుకోలేదు. సాటి గాయనులను, నర్తకులను కూడగట్టి సమాధి వెనక వైపు వేరే పందిరి వేయించారు. మూడో కట్చి పుట్టింది. ఆడవాళ్ల కట్చి. అక్కడ వాళ్లు పాడారు, హరికథలు చెప్పారు, ఖర్చులు వాళ్లే పెట్టుకున్నారు. ఈ ఘట్టాన్ని త్యాగరాజ భక్తి కథగా మాత్రమే చెప్పడం అన్యాయం. కళాకారిణులు తమకు తామే కట్టుకున్న సంఘం కథ ఇది. దాన్ని అలాగే గుర్తుంచుకోవాలి.

1940లో ఐ.సి.యస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, విద్వాంసుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ తదితరుల చొరవతో కట్చిలన్నీ ఒకటయ్యాయి. త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. స్త్రీలకూ వేదిక దక్కింది. పెద్దాచిన్నా విద్వాంసులంతా కలిసి కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలను ఒక్క గొంతుగా పాడే ఆనవాయితీ నిలదొక్కుకున్నది ఆ తరువాతే. ఇప్పుడు ఆంధ్ర ఊళ్ల నుంచి అమెరికా దాకా తెలుగువాళ్లు ఎక్కడ ఆరాధన జరిపినా ఆ పద్ధతే. నాగరత్నమ్మ 1952లో కన్నుమూసేలోపు తన ఆస్తిని స్వామి పేర ట్రస్టుకు రాసిచ్చారు. ఆ గుళ్లో ఆడవాళ్లకూ సేవ చేసుకునే హక్కు ఉండాలని రాతపూర్వకంగా పెట్టించారు. ఆమె సమాధి కూడా అక్కడే, స్వామికి ఎదురుగా ఉంది.

దేశం దాటి చూసినా ఇలాంటి చరిత్రే కనిపిస్తుంది. అమెరికాలో కెంటకీ పల్లెటూరి మనిషి బిల్ మన్రో 1940లలో మాండొలిన్, బాంజో, ఫిడేలు, గిటారులతో రూపుదిద్దిన బ్లూగ్రాస్ సంగీతం, రాక్ అండ్ రోల్ హోరు మొదలయ్యాక పొట్టగడవని స్థితికి వచ్చింది. దాన్ని మళ్లీ లేపింది రసికుల జాతరలే. 1965లో కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు వర్జీనియా రాష్ట్రం ఫిన్‌కాజిల్‌లో మూడు రోజుల ఉత్సవం జరిపాడు. జనం బండ్లలో వచ్చి, ఆరుబయట గుడారాలు వేసుకుని, తమ వాద్యాలు తామూ వాయించుకున్నారు. 1985లో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీత సంఘం ఏర్పడింది. ఆ తరువాత ఆపదలో ఉన్న కళాకారులను ఆదుకోవడానికి ఒక సహాయ నిధి కూడా వెలిసింది. జబ్బు పడిన బాంజో వాద్యగాడి ఆసుపత్రి ఖర్చు కూడా సంగీతానికి సంబంధించిన విషయమేనని వాళ్లు ఒప్పుకున్నారు. మన సభలు సన్మానానికి శాలువా సిద్ధంగా పెట్టుకుంటాయి. ఇలాంటి నిధి పెట్టుకున్నవి ఎన్ని?

తంజావూరు జిల్లా మెలట్టూరు కథ ఇంకో రకం. తంజావూరు రాజు అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చిన ఆ ఊళ్లో, మెలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం వంటి తెలుగు నాటకాలను నృసింహ జయంతికి వరదరాజస్వామి గుడి ముందు ఆడతారు. పందొమ్మిదో శతాబ్దం చివర చతికిలబడిన భాగవత మేళాన్ని నటేశయ్యర్ నిలబెట్టారు. 1931లో ఆయన పోయాక మళ్లీ కుంటుపడితే, ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి పునరుద్ధరించారు. వేషాలు కట్టేవాళ్లెవరికీ ఇది బతుకుతెరువు కాదు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు సెలవు పెట్టుకుని ఊరికి వచ్చి చీరకట్టి ప్రహ్లాదుడి తల్లి లీలావతి అవుతారు. ఇంట్లో మాట్లాడేది తమిళం. తెలుగు దరువులను తమిళ లిపిలో రాసుకుని బట్టీ పట్టి, ఒక్కో మాటకు అర్థం తెలుసుకుని ఆడతారు.

హోసూరు వాళ్లకు ఈ మెలట్టూరు ఉపాయం అక్కరకు వచ్చే రోజులివి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో తెలుగుకు చోటు తగ్గింది. ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడే పిల్లవాడు తాత దాచిన నాటకం ప్రతిని చదవలేని స్థితి వస్తోంది. అటు ఫ్యాక్టరీలు పెరిగి, మర్నాడు పొద్దున షిఫ్టుకు పోవాల్సిన కుర్రవాడికి తెల్లవార్లూ మద్దెల ముందు కూర్చునే వీలు లేదు. నాటకం నేర్పే అయ్యవార్లకు వయసు మీరుతోంది. కమిటీలు బలంగా ఉన్న ఊళ్లలో పందిరి ఇంకా లేస్తూనే ఉంది. కానీ పందిరికి, మైకుకు, దీపాలకు పెట్టే ఖర్చులో వేషగాడి చేతికి చేరేది ఎంతో కమిటీ పెద్దలు ఒకసారి లెక్క చూసుకోవాలి.

హోసూరు, కృష్ణగిరి తెలుగు సంఘాల వారికి ఒక మనవి. వచ్చే ఎండాకాలం భారతానికి మీ పేర ఒక రోజు ఉభయం రాయించండి. ఆ డబ్బులో కొంత, ఇక వేషం కట్టలేని ముసలి కళాకారుల కోసం విడిగా తీసిపెట్టండి. ఊళ్లో ఎవరింట్లో నాటకం ప్రతి ఉన్నా అడిగి తెచ్చి నకలు తీయించండి. చదవలేని పిల్లలుంటే తమిళ లిపిలోనైనా రాయించి ఇవ్వండి.