మరవ పారిననాడు

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతములలో చెరువు నిండిన వార్తను రెండే మాటలలో చెప్పుదురు: "మరవ పారింది." కోస్తావారు కలుజు అను దానినే ఇక్కడివారు మరవ అందురు. చెరువు పట్టగలిగినంత నీటిని పట్టినపిదప, మిగిలినదానిని కట్ట తెగకుండ దిగువ వాగునకు వదలివేయు రాతికట్టడ మది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన కురియు ఈ సీమలో మరవ పారుట ఏటేట జరుగు సంగతి కాదు. కొన్ని యూళ్లలో ఒక తరము పిల్లలు దానిని చూడకయే పెద్దవారగుటయు కలదు. కావున ఆ వార్త చెవినిబడినంతనే ఊరిలోని ఆబాలగోపాలమును కట్టమీదికి చేరును. ముత్తైదువలు పిండిజ్యోతులు తలకెత్తుకొని, మేళతాళములు ముందు నడువగా వచ్చి, పసుపుకుంకుమలతో చీరను రవికను గంగమ్మకు సమర్పింతురు. మరవరాతికడ పొట్టేలిని బలియిత్తురు. ఆనాడు ఊరంతకును పండుగ. దీనికి గంగపూజ యని పేరు.

ఈ గంగపూజను నేను చాలకాలము కేవల మొక మొక్కుబడిగనే యెంచితిని. వానకొరకు కప్పల పెండ్లి చేయుట, విరాటపర్వము చదివించుట వంటి ఆచారముల వరుసలో దీనినికూడ చేర్చి ఊరకుంటిని. అయితే ఈ సీమ చెరువుల చరిత్రను కొంత తరచి చూచినకొలది, మరవమీది ఉత్సవము ఒక పెద్ద ఏర్పాటులో కంటికి కనబడు సగము మాత్రమేయనియు, కనబడని తక్కిన సగము వేసవి యెండలో, బండ్లతోను గడ్డపారలతోను సాగిన ఉమ్మడి చాకిరి యనియు తెలియవచ్చినది. నేడు పర్యావరణ పరిరక్షణమని, ప్రజాభాగస్వామ్యమని సభలుచేసి చెప్పుచున్నదంతయు ఒకప్పుడు ఇచ్చటి రైతునకు మాఘ ఫాల్గునములలో పొలముపని తీరినపిమ్మట మిగిలియుండెడి మామూలు పని.

రాజుల పాలు ముందు చెప్పవలెను. ఏలయన శాసనములు వారివి. 1388వ సంవత్సరమున, హరిహరరాయల కుమారుడగు ప్రతాప బుక్కరాయలు పెనుకొండ నుండి పాలించుచు, ప్రాణులకు నీరే ప్రాణము గనుక పెన్నను పెనుకొండకు తేవలసినదని, జలసూత్రమున ఆరితేరిన సింగయభట్టునకు నిండుకొలువున ఆజ్ఞ యిచ్చెను. ఆ సింగయభట్టు పెన్ననుండి సిరువర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి 'ప్రతాప బుక్కరాయ మండల'మని తన ప్రభువు పేరే పెట్టి శాసనము వ్రాయించెను. ఆ శిల నేటి కర్ణాటకమున, గౌరీబిదనూరు తాలూకా కల్లోడిలో నున్నది. యుద్ధములు గెలిచిన సేనానుల పేర్లు మనకు పెక్కు తెలియును గాని, కాలువ త్రవ్వినవాని పేరు రాతిమీద నిలుచుట అరుదు. ఆ గౌరవము పెనుకొండ కొలువునకు దక్కినది.

అంతకు పందొమ్మిదేండ్లకు పూర్వము, అనగా 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లయందు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించిన చెరువు శాసన మింకను విచిత్రమైనది. తటాకనిర్మాణ శాస్త్రమంతయు అందు సంగ్రహముగా నున్నది. మంచి చెరువునకు పన్నెండు అంగములు కావలెనట: ధర్మాత్ముడగు రాజు, జలశాస్త్రము నెరిగిన పండితుడు, గట్టినేల, దూరమునుండి పారివచ్చు తీయనినీటి యేరు, రాతికట్ట, పొడవైన రాళ్లనిచ్చు గని, పనితెలిసిన కూలిజనము మొదలైనవి. పిదప ఆరు దోషములు: కట్ట కారుట, చవిటినేల, చెరువు నడుమ మిట్ట యుండుట, నీటికిని నేలకును పొత్తు కుదరకపోవుట మున్నగువానితోపాటు, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటయు నొక దోషమని శాసనకర్త లెక్కించెను. ఈ చివరి దోషమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. హిందూపురము కథలో దానితో మరల పని పడును. ఆ చెరువుపని దినమునకు వేయిమంది కూలీలతోను, రాతిపనికి నూరు బండ్లతోను రెండేండ్లు సాగినట్లుకూడ అందే కలదు.

ఇంత వివరముగా వ్రాసినవాడు ఆ పన్నెండు అంగములలో పూడిక తీయువానిని చేర్చలేదు. ఇది మరపు కాదనియే నా యభిప్రాయము. తటాకము సప్తసంతానములలో నొకటి. దానిని కనుట రాజునకును ధనికునకును కీర్తి, పెంచుట ఊరి వంతు. ధర్మవరము పెద్దచెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర పట్టణమును నిలిపెనని స్థలవృత్తాంతము చెప్పును. చిత్రావతిమీద కొంత యెగువనున్న బుక్కపట్టణము చెరువునకు బుక్కరాయల పేరు అంటియున్నది. అయితే ఆ ఒడెయరు పోయినపిదప శతాబ్దములకొలది ఆ కట్టను తెగకుండ కాచినవారి పేర్లు ఏ స్థలవృత్తాంతమునను లేవు.

ఆ కాపుదలకు వ్యవస్థ లేకపోలేదు. చెరువును కట్టినవానికి గాని బాగుచేయువానికి గాని ఆయకట్టులో పదియవపాలుగా నిచ్చు మాన్యము దశబంధము. శాసనములలో కట్టుకొడగె యను పేరుతో నిట్టి దానములే కనిపించును. మాన్యగాడు బండ్లు, ఎద్దులు పెట్టి మట్టి తోలించి, కట్టమీది గండ్లు పూడ్పించి, కంప కొట్టించవలెను. తూము తీయుట, మూయుట, మడి మడికి వంతు చూచుట నీరుగంటివాని పని. ఆయగాండ్రలో వాడొకడు, కళ్లమున వానికి మేర కలదు. చెరువు సగమే నిండిన యేడు ఆయకట్టుదారు లందరును కట్టమీద కూర్చుండి, ఉన్న నీటికి ఎన్ని మళ్లు తడియునో కట్టి, తూమునకు దగ్గరనున్న ఆ కొన్ని మళ్లనే దామాషా ప్రకారము తలా కొంత పంచుకొని పైరుపెట్టెడివారు. కట్టకింది మడి తనదే యని ఎవడును ఆయేడు గర్వింప వీలులేదు. కరవునాటి ఈ పంపకమును మించిన సమానత్వమును నేను ఏ రాజనీతిగ్రంథమునను చూడలేదు. ఇట్లనుట అతిశయోక్తియైన క్షమింతురుగాక. కాని ఈ పంపకమున పాలులేనివారును ఊరిలో నుండిరి. కట్టకు మట్టిమోసిన ఒడ్డెలకును, చెరువు శుభ్రముచేసిన మాలమాదిగలకును ఆయకట్టులో మడి అరుదు. గంగపూజనాడు వారు నిలుచు చోటు వేరు. పూర్వవ్యవస్థను పొగడునప్పుడు దీనిని దాచుట న్యాయము కాదు.

వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగుననున్న ఒండ్రుమట్టిని రైతులు తమ బండ్లతో తోలుకొని మెట్టచేలకు చల్లుకొనెడివారు. అది చేనికి ఎరువు, చెరువునకు పూడికతీత. ఒకే బండితో రెండు పనులు తీరెడివి. ఎర్రనేల పలుచనై, తేమ నిలువని ఈ సీమలో ఒండ్రు తోలిన చేను రెండు మూడేండ్లు తెలిసిపోవును. ఈ పనికి ఎవరి యుత్తరువును అక్కరలేకుండెను.

పని తప్పిననాడు ఏమగునో చెప్పుటకు ఈ సీమలో ముసలమ్మ కథయున్నది. బుక్కరాయసముద్రము చెరువు కట్ట తెగనుండగా, ఊరిని కాచుటకు ఒక యింటి కోడలు గండిలో నిలిచి ప్రాణమిచ్చెనను ఆ గాథను, బ్రౌనుదొర వెలువరించిన అనంతపుర చరిత్రనుండి గ్రహించి, కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము'గా కావ్యము చేసిరి. సాహిత్యవేత్తలు ఆమె త్యాగమును కరుణరసమును కొనియాడుదురు, అది యుచితమే. నేను మాత్రము ఆ కథ విన్నప్పుడెల్ల, ఆ కట్టను అంతకుముందు వేసవిలో ఎవరు చూడవలసియుండెనో అని యోచింతును. మరమ్మతునకు బదులు కోడలిని అడిగిన ఆ ఊరిమీద నాకు కోపము తీరదు.

1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసెను. మన్రో దొర 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. పిదప శతాబ్దపు నడుమ ఇనాముల విచారణ వచ్చి, దశబంధములలో పెక్కింటికి హక్కు మిగిలెను గాని దానికి కట్టుబడియున్న చాకిరి క్రమముగా సడలెను. 1858లో మద్రాసు రాజధానికై, ఊరివారు కట్టకు చేయు వాడుకచాకిరిని ఎగవేసినవారినుండి దాని విలువకు రెట్టింపు రాబట్టుటకు చట్టము వచ్చినది. వాడుకను చట్టముగా వ్రాసినంతమాత్రమున అది బ్రతుకదని ఆ చట్టమే చాటినది. పెక్కుచోట్ల అది కాగితముమీదనే నిలిచిపోయెను. 1876-78 నాటి ధాతుకరవు ఈ సీమను ఊచకోత కోసినపిమ్మట, 1883నుండి ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకమును చేపట్టెను. కొలతలు, పటములు, అంచనాలు వచ్చినవి. ఊరివారు మాత్రము మెల్లమెల్లగా "సర్కారు చెరువు" అనుట నేర్చుకొనిరి.

ఇక సరిహద్దు దోషము మాట. పెన్న, చిత్రావతి రెండును నంది కొండలవైపు మైసూరుసీమలో పుట్టును. పెన్న హిందూపురమువద్ద తెలుగునాట అడుగిడును, జయమంగళి పరిగి దగ్గర దానిలో కలియును. ఎగువ మైసూరువారు తమ చెరువులను పెంచుకొన్నకొలది దిగువ మద్రాసువారికి ప్రవాహము తగ్గునని వివాదము పుట్టి, 1892లో ఉభయులకును ఒడంబడిక కుదిరెను. నిర్ణీతమైన నదులమీద మద్రాసు సమ్మతి లేక మైసూరు కొత్త ఆనకట్టలు కట్టరాదని దాని సారము. పెన్నయు చిత్రావతియు ఆ జాబితాలోనివే. పోరుమామిళ్ల శాసనకర్త ఐదు శతాబ్దములకు ముందే రాసిన దోషమును తీర్చుటకు ఇద్దరు ప్రభువుల సంతకములు కావలసివచ్చెను. సంతకములున్నను ఎగువ చిన్న చెరువులును, బోరుబావులును పెరిగి, ఇసుక తరలిపోయి, నా తరమునాటికి పెన్న హిందూపురమువద్ద ఏడాదిలో ఎక్కువకాలము ఎండిన దారిగనే కనబడుచున్నది.

స్వతంత్రము వచ్చినపిదపటి కథను త్వరగా దాటుదును. బోరు వచ్చిన రైతునకు చెరువుతో పని తీరెను. వేరుసెనగ విస్తరించిన మెట్టకు ఒండ్రు తోలు బండ్లు తగ్గెను. చెరువులలో సర్కారు తుమ్మ పెరిగెను. 1997లో సాగునీటి సంఘముల చట్టము, 2000లో నీరు-మీరు, 2002లో నీరు భూమి చెట్ల పరిరక్షణ చట్టము, 2015 ప్రాంతమున నీరు-చెట్టు వరుసగా వచ్చినవి. పొక్లెయినుతో తీసిన పూడిక ఎక్కువ, అందు ఊరు కలిసిన చెరువులు తక్కువ.

దీనికి భిన్నమైన యత్న మొకటి పెనుకొండకును ధర్మవరమునకును నడుమ, చెన్నేకొత్తపల్లి దిక్కున జరిగినది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలగువారు 32 ఎకరముల బీడు కొని, దానికి టింబక్టు అని పేరుపెట్టి, వాన నిలుచుటకు గట్లు వేసి, పశువులను మళ్లించి, నేలను దాని మానాన దానిని వదలిరి. చెట్లు తామే మొలిచెను. ఆ పాఠము దగ్గరి గ్రామములవారికి పట్టి, రొద్దము దిక్కున కొన్ని వేల ఎకరముల బంజరుకొండలను ఊళ్లే కలిసి కాచుకొనగా కల్పవల్లియను అడవి యేర్పడెను. వేసవి రాకముందే మంట పాకకుండ గడ్డి చెక్కి దారులు తీయుట, వంతులవారిగా కాపలా కాయుట, విత్తనములు వెదజల్లుట ఇచ్చట పని. ఈతాకు, బోదగడ్డి, మేత దానికి ప్రతిఫలము. కొండమీద గడ్డి నిలిచిన చోట వాననీరు ఒక్కసారిగా దిగక ఇంకి ఇంకి వచ్చును. క్రింది చెరువునకు పూడిక తగ్గును. పోరుమామిళ్ల పన్నెండు అంగములలో లేని పదమూడవది ఇదియేమో.

2016లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణనీరు పెనుకొండ మండలములోని గొల్లపల్లి జలాశయమునకు చేరెను. శ్రీశైలము వెనుకనీటినుండి మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తి తెచ్చిన నీరది. నేడు ఎర్రమంచి కార్ల కర్మాగారమునకును ఆ నీరే ఆధారము. 2021 నవంబరులో ఇందుకు విరుద్ధముగా ఆకాశమే విరిగిపడి, చిత్రావతి వరదలో చిక్కిన పదిమందిని వాయుసేన హెలికాప్టరుతో బయటికి తీయవలసివచ్చెను. ఏండ్లతరబడి బీటలువారియున్న చెరువులు ఆ కాలమున మరవ పారినవి. మరవకడ తుమ్మకంప అడ్డుపడి నీరు కట్టను కోయ మొదలిడినచోట్ల, జనులు రాత్రివేళ కొడవళ్లు, ఇసుకబస్తాలు పట్టుకొని కట్టమీదికి పరుగెత్తిరి.

నీరు తీసినపిదప గంగపూజలు జరిగినవి. జ్యోతులు మోసిన స్త్రీలలో కొందరికి ఆ పూజ ఎట్లు చేయవలెనో తెలియక, ఊరిలో మిగిలిన ముసలివారిని అడిగి, చీర ముందా రవిక ముందా యని తేల్చుకొనిరని వినికిడి. నీరుగంటివాని మేర యెంతయో చెప్పగలవా రింకెందరున్నారో.