పెద్దపులి నడిచే దారులు

తెలుగులో వట్టి ‘పులి’ అంటే చాలదు. చిరుత కనబడినా పులి వచ్చిందనే అంటారు. అటవీ సిబ్బంది వచ్చి అడుగుజాడ కొలిచి, చిరుతేనని తేల్చాక ఊరు కాస్త కుదుటపడుతుంది. ఒంటినిండా చారలున్న అసలు పులిని వేరుగా చెప్పుకోవడానికే ‘పెద్దపులి’ అంటాం. శాస్త్రవేత్తలు పాంథెరా టైగ్రిస్ అంటారు. పిల్లి కుటుంబంలో ఇంతకన్నా పెద్ద జంతువు లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆసియా అంతటా కలిపి లక్ష దాకా ఉండేవని అంచనా. 2010 నాటికి సుమారు 3,200 మిగిలాయి. ఇప్పుడు ఆ సంఖ్య అయిదు వేలు దాటింది. అందులో ఎక్కువ భాగం భారతదేశంలోనే ఉంది.

మిగతా చోట్ల కథ వేరు. బాలి, జావా దీవుల పులులు, కాస్పియన్ సముద్రం చుట్టుపక్కల తిరిగిన పులులు గత శతాబ్దంలోనే అంతరించాయి. కంబోడియాలో చివరి పులి 2007లో కెమెరాకు చిక్కింది. దాని జాడ మళ్లీ దొరక్క 2016లో అక్కడి అడవుల్లో పులి లేనట్టేనని తేల్చారు. చెట్లు ఉన్నాయి, అడవి ఉంది, పులి లేదు. ఉచ్చులు పెట్టి జింకల్నీ పందుల్నీ ఖాళీ చేశాక పులికి అక్కడ పనేముంది!

భారతదేశంలో 1972లో జరిగిన మొదటి గణనలో 1,827 పులులు తేలాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న కార్బెట్ జాతీయ పార్కులో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. అప్పుడు తొమ్మిది రిజర్వులు, ఇప్పుడు 58. ఆ రోజుల్లో లెక్కంటే అడుగుజాడల లెక్క. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతి అది. నేల మీద పడ్డ పంజా గుర్తుపై గాజుపలక పెట్టి గీత గీసుకుని, ఏది ఏ పులిదో పోల్చేవారు. బురదలో ఒకలా, దుమ్ములో ఇంకోలా పడే ఒకే పులి అడుగును రెండు పులులుగా రాసుకునే వీలు ఇందులో బోలెడు. పై అధికారికి ఏటా పెరుగుదల చూపించాలన్న తాపత్రయం దానికి తోడైంది. కాగితం మీద పులులు పిల్లలు పెడుతూనే వచ్చాయి.

ఆ గుట్టు రాజస్థాన్‌లోని సరిస్కాలో రట్టయింది. 2004–05 నాటికి అక్కడ ఒక్క పులీ లేదు, వేటగాళ్లు మొత్తం ఊడ్చేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. పర్యావరణవేత్త సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది, తర్వాత జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ వచ్చింది. అడుగుజాడల పద్ధతిని పక్కనపెట్టి కెమెరా ట్రాప్‌లు తెచ్చారు. ఒక పులి ఒంటిమీద చారలు మరో పులికి ఉండవు, మన వేలిముద్రల్లాగే. జీవశాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990ల్లోనే కర్ణాటకలోని నాగరహొళెలో ఈ పద్ధతితో పని చేసి చూపించారు. కొత్త పద్ధతిలో 2006లో లెక్క తీస్తే దేశం మొత్తానికి 1,411 పులులే తేలాయి. అక్కణ్నుంచి 2010లో 1,706, 2014లో 2,226, 2018లో 2,967, 2022లో సగటున 3,682. ఈ పెరుగుదలలో కొంత వాటా ఎక్కువ అడవిలో ఎక్కువ కెమెరాలు కట్టడానిది. మిగిలింది మాత్రం నిజమైన పెరుగుదలే.

ఎలా పెరిగాయో చెప్పడానికి మధ్యప్రదేశ్‌లోని పన్నా ఒక్కటి చాలు. 2009 నాటికి సరిస్కా గతే అక్కడా పట్టింది. బయటినుంచి ఆడపులుల్ని తెచ్చారు, పెంచ్ నుంచి టీ3 అనే మగపులిని తెచ్చి వదిలారు. కొత్తచోట దాని మనసు నిలవలేదు. నవంబరు చివర్లో దక్షిణంగా, పుట్టిన పెంచ్ వైపు నడక పెట్టింది. ఫీల్డ్ డైరెక్టర్ శ్రీనివాస మూర్తి బృందం నెల్లాళ్లు ఏనుగుల మీదా జీపుల్లోనూ వెంటపడి, క్రిస్మస్ నాటికి దాన్ని మత్తిచ్చి వెనక్కి తెచ్చింది. మళ్లీ పారిపోకుండా ఆడపులి మూత్రాన్ని అడవిలో అక్కడక్కడా చల్లారు. ఆ వాసన పట్టుకుని టీ3 వెళ్లి ఆడపులిని కలిసింది. 2010 ఏప్రిల్‌లో పిల్లలు పుట్టాయి. ఈ రోజు పన్నా పులుల్లో దాని సంతానమే ఎక్కువ.

టీ3 నడకలో పులికున్న ముప్పు మొత్తం దాగి ఉంది. పులి కూన రెండేళ్లు తల్లి వెంట ఉంటుంది. ఆ తర్వాత సొంత ఇలాకా వెతుక్కుంటూ బయల్దేరాలి, ముఖ్యంగా మగపులి. తండ్రి ఉన్న చోట ఉంటే బతకనివ్వడు. మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో తిప్పేశ్వర్ అనే అభయారణ్యం ఉంది. 150 చదరపు కిలోమీటర్లు కూడా లేని చిన్న అడవి, మన ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉంటుంది. 2019లో అక్కడి కుర్ర మగపులి ఒకటి మెడలో రేడియో కాలర్‌తో బయల్దేరి, ఆదిలాబాద్ జిల్లాలోకీ వచ్చి, పొలాలూ వాగులూ రోడ్లూ దాటుకుంటూ అయిదు నెలల్లో 1,300 కిలోమీటర్లు తిరిగి జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. ఇంత తిరిగినా దారిలో దాదాపుగా మనిషి కంటబడలేదు. పగలంతా ఏ పొదలోనో ముళ్లకంచెలోనో పడుకుని రాత్రిళ్లు నడిచింది. అన్ని పులులకీ ఆ అదృష్టం ఉండదు.

ముప్పుల్లో వేట సంగతి ముందు చెప్పుకోవాలి. పులి ఎముకలకూ చర్మానికీ చైనా వైపు గిరాకీ ఉంది. సంప్రదాయ వైద్యంలో పులి ఎముక వాడకాన్ని చైనా 1993లోనే నిషేధించింది కానీ దొంగచాటు బేరం ఆగలేదు. మన ఇళ్లల్లోనూ తప్పుంది. పసిపిల్లల మెడలో బంగారంతో కట్టించిన పులిగోరు వేస్తే దిష్టి తగలదనీ భయం పోతుందనీ నమ్మకం. ఆ గోరు ఏదో ఒక పులిదే, నకిలీది కాకపోతే. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు గోరు కొన్నా, అమ్మినా, మెడలో వేసుకున్నా నేరమేనని చాలామందికి తెలియదు. తెలిసినా తాతల నాటిదంటారు.

పులి కోసం కాకుండా వేరే జంతువుకు పెట్టిన ఉచ్చులో పులి పడటం ఇంకో రకం చావు. అడవిపందుల కోసం బిగించిన తీగ ఉచ్చు, పంటకు కాపలాగా చేను చుట్టూ లాగిన కరెంటు తీగ, పందులకు పెట్టే నాటుబాంబు: వీటికి ఎదురొచ్చింది ఏ జంతువో తెలియదు. ఆవును పులి తినేస్తే పగతో కళేబరం మీద పురుగుమందు చల్లే వాళ్లూ ఉన్నారు. వేటాడిన జంతువు దగ్గరికి పులి రెండోసారి, మూడోసారి వస్తుందని పశువుల కాపరులందరికీ తెలుసు. 2024 జనవరిలో తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవిలో రోజుల తేడాతో రెండు పులులు చనిపోయాయి. విషం పెట్టిన పశువు కళేబరం తినడమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఆవు పోయిన రైతుకు పరిహారం ఉంది. అది చేతికి వచ్చేదాకా అతని కడుపుమంట ఎవరు ఆపుతారన్నదే ప్రశ్న.

తిండి కూడా ముప్పే. ఒక పులికి ఏడాదికి దుప్పి సైజు జంతువులు యాభై దాకా కావాలి. మందలో పదో వంతుకన్నా ఎక్కువ తింటే మంద తరిగిపోతుంది, అంటే ఒక్క పులి బతకడానికి చుట్టూ అయిదు వందల దుప్పులూ కణితులూ పందులూ ఉండాలి. పైకి పచ్చగా కనిపించే అడవిలో లాంటానా కంప అల్లుకుపోయి గడ్డి మొలవకపోతే దుప్పి ఉండదు, దుప్పి లేకపోతే పులీ ఉండదు.

ఇక దారులు. నాలుగు వైపులా పొలాలూ రోడ్లూ చుట్టుముట్టిన అడవి ద్వీపమైపోతుంది. ఒడిశాలోని సిమిలిపాల్‌లో అదే జరిగింది. బయటి రక్తం రాక ఉన్న పులుల మధ్యే సంతానం కలగడంతో చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన నల్లపులులు ఎక్కువయ్యాయి. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో ఉమా రామకృష్ణన్ బృందం 2021లో దీనికి ఒకే జన్యువులోని మార్పు కారణమని తేల్చింది. పర్యాటకులు ఫొటోలకు ఎగబడే ఆ నలుపు నిజానికి ఒంటరితనపు గుర్తు. మహారాష్ట్ర వైపు పెంచ్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిని విస్తరించినప్పుడు జంతువుల కోసం కింద సొరంగ మార్గాలు వదిలారు, అందులో ఒకటి 750 మీటర్ల పొడవుంది. పులులు వాటిని వాడుతున్నాయని కెమెరాలు చెప్పాయి. దారి వదిలితే పులి నేర్చుకుంటుంది.

తెలుగు నేల మీద పెద్ద పులుల అడవి నల్లమల. 1978లో అభయారణ్యమైంది, 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వుగా ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ రిజర్వయింది. రాష్ట్రాలు విడిపోయినా పులికి కృష్ణా నది సరిహద్దు కాదు, అది ఈత బాగా వచ్చిన జంతువు. 2018లో ఆంధ్రప్రదేశ్ లెక్క 48, 2022లో 63. తెలంగాణ లెక్క మాత్రం 26 నుంచి 21కి తగ్గింది.

నల్లమలలో పెంటలు అనే గూడేల్లో ఉండే చెంచులకు పులులను కాపాడటంలో పెద్ద వాటా ఉంది. అడవిలోని బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. ఏ వాగు దగ్గర నిన్న రాత్రి ఏది నీళ్లు తాగిందో అడుగు చూసి చెప్పగలరు. తేనె, దుంపలు, తునికాకు, ఇప్పపువ్వు కోసం అడవి మీద ఆధారపడ్డ ఈ మనుషులను అడవికి శత్రువులుగా చూసిన రోజులు ఉన్నాయి, ఇప్పుడూ పూర్తిగా పోలేదు. 2019లో అమ్రాబాద్‌లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు ‘సేవ్ నల్లమల’ ఉద్యమంలో చెంచులు ముందు నిలిచారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. యురేనియం గని రాకపోయినా రోడ్డు ఉంది. శ్రీశైలం మల్లన్న దర్శనానికి వెళ్లే వాహనాలను రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున ఆరు దాకా మన్ననూరు దగ్గర ఆపేస్తారు. అర్ధరాత్రి దర్శనం కుదరదని విసుక్కునే భక్తుడికి తన కారు ఆగినందువల్ల ఏది రోడ్డు దాటిందో కనిపించదు.

2023 మార్చి మొదట్లో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి కూనలు ఊళ్లో దొరికాయి. కుక్కలు పీకి చంపకుండా ఊరివాళ్లే గదిలో పెట్టి అధికారులకు కబురు చేశారు. తల్లి దగ్గరికి చేర్చాలని రాత్రంతా అడవిలో ఉంచి చూశారు, కెమెరాలు పెట్టారు, కానీ తల్లి రాలేదు. చివరికి వాటిని తిరుపతి జూకు తరలించారు. ఆ ఊరు పులిని చూసి హడలలేదు, కర్రలు పట్టలేదు. పులుల పక్కన బతకడం ఎలాగో తెలిసిన ఊరది.

తెలంగాణ ఉత్తరపు అంచున సంగతి ఇంత సజావుగా లేదు. 2012లో ఏర్పడ్డ కవ్వాల్ రిజర్వు లోపల స్థిరంగా కాపురం ఉన్న పులి 2022 లెక్కల్లో తేలలేదు. పులులు ఉన్నది రిజర్వుకు బయట, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లో. మహారాష్ట్రలోని తడోబా నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులులకు అది మజిలీ. ఫాల్గుణ అని పేరు పెట్టుకున్న ఆడపులి అక్కడే రెండు ఈతలు ఈని కూనల్ని పెంచింది. ఆ మజిలీ నిండా పత్తిచేలు, పల్లెలు, పోడు భూములు. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం మధ్యగా సాగుతుంది. 2020 నవంబరులో కొన్ని వారాల తేడాతో ఇద్దరిని, 2024 నవంబరులో పత్తి ఏరుతున్న ఒక మహిళను పులి చంపింది. పత్తి ఏరేది ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లోనే. కుర్ర పులులు ఇలాకా వెతుక్కుంటూ తిరిగేదీ ఆ చలికాలంలోనే. చేనులో వంగి పత్తి ఏరుతున్న మనిషి పులికి నాలుగుకాళ్ల జంతువులా కనిపిస్తుందని అటవీ సిబ్బంది చెబుతారు.

ఈ దారిని కాపాడటానికి 2025 మే నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చి, సుమారు 1,493 చదరపు కిలోమీటర్లను కుమురం భీం పేరిట పులుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. తమ భూములు పోతాయని, పోడు హక్కులు గల్లంతవుతాయని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. జూలైలో జీవోను నిలిపివేశారు. అటవీ శాఖ మ్యాపులో చూస్తే ఆ నిర్ణయం అవసరమే. కానీ గ్రామసభల్లో ముందే కూర్చుని చెప్పకుండా మ్యాపుతో వస్తే ఏ ఊరైనా ఎదురు తిరుగుతుంది. కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట గూడేలు 2024లో పునరావాస ప్యాకేజీ తీసుకుని అడవి బయటికి వచ్చాయి, అంటే కూర్చుని మాట్లాడితే కొందరు ఒప్పుకుంటారనే. ఆసిఫాబాద్ వైపు ఎవరినీ తరలించే పని లేదని అధికారులు అన్నా ఆ మాట ఎవరూ నమ్మలేదు.

ఈలోగా పత్తి ఏరడం ఆగదు. పులి వెనకనుంచి దూకుతుందన్న లెక్కతో తల వెనుక మనిషి ముఖమున్న మాస్కు పెట్టుకోవడం సుందర్‌బన్స్‌లో 1986 నుంచి ఉన్న ఉపాయం. 2024 చివర్లో కాగజ్‌నగర్ చుట్టుపక్కల అటవీ సిబ్బంది కూలీలకు అలాంటి మాస్కులే పంచారు. పొద్దెక్కాక పదింటికి చేలోకి వెళ్లి, నాలుగింటికల్లా గుంపుగా ఇళ్లకు రమ్మని చెప్పారు.