అనుమానమునకు, నిర్ణయమునకు నడుమ

బేతంచెర్ల పేరు వినగానే నాపరాళ్ళు జ్ఞాపకమునకు వచ్చును. ఆ బండల పనికి పోవు స్త్రీ నొకతెను మనము ఊహింతము. ఆరోగ్య కార్యకర్త ఆమె రొమ్మును పరీక్షించి, చేతికి గడ్డ తగులుచున్నదని, కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పినది. నొప్పి లేదు, జ్వరము లేదు. ఆమె వెంట ఇంటికి వచ్చినది ఒక్క అనుమానమే. 'అవును' అనియో 'కాదు' అనియో తెలియుటకు ఎన్ని దినములు పట్టును? ఆ నడిమి కాలమునకు కూడ ఒక చరిత్ర కలదు.

ఒకప్పుడు ఆ కాలమే ఉండెడిది కాదు. 1905లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ అను వైద్యుడు, దేహమునుండి తీసిన ముక్కను గడ్డకట్టించి, పలుచగా కోసి, కొలది నిమిషములలో సూక్ష్మదర్శినితో చూచు పద్ధతిని వాడుకకు తెచ్చినాడు. పిమ్మట రోగికి మత్తిచ్చి, గడ్డను తీసి పరీక్షించి, క్యాన్సర్ అని తేలినచో ఆ మత్తులోనే రొమ్మును తొలగించుట ఆచారమైనది. కన్ను మూయు వేళ, మేల్కొన్నప్పుడు తన దేహము ఎట్లుండునో ఆమెకు తెలియదు. రోజ్ కుష్నర్ అను పాత్రికేయురాలు, తానే ఆ వ్యాధికి లోనై, 1970ల దశాబ్దములో ఈ ఆచారమును ఎదిరించినది. నిర్ధారణను, శస్త్రచికిత్సను వేరు చేయవలెనని 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశము సూచించినది. ఆలోచించుకొనుటకు కొన్ని దినములు, ఆ విధముగా, స్త్రీలు పోరాడి సంపాదించుకొన్నవే.

ఆలోచనకు వలసిన గడువు వేరు. వరుసలో నిలిచి పోగొట్టుకొను కాలము వేరు. ఈ రెండవదానిని లెక్కించుట కూడ పాతదే. 1938లో ప్యాక్, గాలో అను ఇరువురు అమెరికా వైద్యులు జాప్యమును విభజించి చూచినారు. లక్షణము కనబడిన మూడు నెలలకైనను రాకున్నచో రోగి చేసిన ఆలస్యమనియు, వచ్చిన పిమ్మట నెల దాటినచో వైద్యుని ఆలస్యమనియు అన్నారు. తప్పంతయు రోగిదే కాదని అప్పుడే తెలిసినదన్నమాట.

1963లో న్యూయార్కులో 40 నుండి 64 ఏండ్ల స్త్రీలతో ఒక పెద్ద పరిశోధన ఆరంభమైనది. ఏ బాధయు లేనివారిని ఎక్స్‌రేతోను, చేతితోను పరీక్షించినారు. ఇట్టి పరీక్షలు వ్యాపించిన కొలదియు, ఆరోగ్యముగా ఉన్నామనుకొనువారికి 'మరల రండి' అను పిలుపు వచ్చుట మొదలైనది. అట్లు పిలువబడినవారిలో పెక్కుమందికి క్యాన్సర్ ఉండదు. అయినను ఆ మాట తెలియువరకు వారికి నిద్ర ఉండదు.

కొలది దినముల ఆలస్యమునకు భయపడనక్కరలేదు. కాని లక్షణము కనబడినది మొదలు చికిత్సవరకు మూడు నెలలు, అంతకుమించి జాప్యమైనవారిలో అయిదేండ్లు బ్రదికినవారి శాతము 12 తక్కువని 1999లో, అంతకుముందటి అధ్యయనములను కలిపి చూచిన ఒక పరిశీలన తెలిపినది. ఆ యేడే బ్రిటనులో, అనుమానమున్నవారిని రెండు వారములలో నిపుణుడు చూడవలెనను నియమము వచ్చినది. నిపుణుడు చూచుట ఒకటి, ఫలితము తెలియుట మరియొకటి గదా! అందుచేత 2023లో ఇంగ్లండు ఆ నియమమును విడిచి, 28 దినములలో ఫలితమే చెప్పవలెనను ప్రమాణమును నిలుపుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే యేడు 60 దినముల గడువును సూచించినది.

మన దేశములో, సోదరి క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలవలన 1954లో మద్రాసు అడయారులో క్యాన్సర్ సంస్థ వెలసినది. కర్నూలు మద్రాసు రాష్ట్రమునుండి విడిపోయిన మరుసటి సంవత్సరమది. 1957లో కర్నూలులోనే వైద్య కళాశాల ఏర్పడినది. 1998లో ముంబయిలో టాటా ఆసుపత్రివారు సుమారు లక్షన్నర స్త్రీలతో ఆరంభించిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. శిక్షణ పొందిన కార్యకర్త చేతి పరీక్షవలన వ్యాధి తొలిదశలోనే దొరకినదనియు, 50 ఏండ్లు, ఆపైబడినవారిలో మరణములు సుమారు 30 శాతము తగ్గినవనియు అవి తెలిపినవి.

చేయి గడ్డను కనుగొనగలదు. గడ్డకు పేరు పెట్టవలసినది సూది, సూక్ష్మదర్శిని. మన బేతంచెర్ల స్త్రీకి నమూనా ఇచ్చుటకు ఒక ప్రయాణము, ఫలితమునకు మరియొకటి, చికిత్స మాటకు మూడవది. ప్రతి ప్రయాణమునకు ఒకనాటి కూలి పోవును. తోడు వచ్చువారి కూలియు పోవును. ఆమె రెండవసారి పోకున్నచో అది అజ్ఞానమని మనము తొందరపడి అనరాదు. గడ్డ దొరకిన దినమును చీటిపై వ్రాసి, దాని ప్రక్కనే ఫలితము చెప్పిన దినమును వ్రాయుట కష్టము కాదు. ఆ రెండు తేదీల నడుమ దూరము తగ్గిననాడే ఊరూర జరుగు పరీక్షలు సార్థకములగును.