దుప్పివేట విడిది: పెన్సిల్వేనియాలో కడపటి వేటకాలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, క్రిస్మస్ పండుగ మఱునాడు, అనగా డిసెంబరు 26వ తేదీని మొదలై జనవరి మధ్యభాగము దాటు వఱకు సాగు తెల్లతోక దుప్పుల వేటయు, ఆ వేటను పురస్కరించుకొని ఒక కుటుంబమునకు చెందిన రెండు మూడు తరములవారు అడవిలోని కుటీరమున కలిసి గడపు నివాసమును ఈ వ్యాసమునకు విషయములు. అచ్చటివారు అట్టి కుటీరమును క్యాంపు అందురు. అక్టోబరు ప్రాంతమున సాగు విల్లువేటయు, నవంబరు మాసాంతమున వచ్చు రైఫిలు వేటయు ముగిసిన పిదప మిగిలిన చలిదినములలో వచ్చునది గనుక ఇది కడపటి వేటకాలము. రాష్ట్రమున అధికభాగమునందు ఈ దినములలో దుప్పిని వేటాడుటకు చెకుముకి తుపాకియో విల్లో తప్ప అన్యసాధనము చెల్లదు. ఇట్టి విడుదులు మిచిగన్, విస్కాన్సిన్, న్యూయార్కు, వెర్మాంట్ మున్నగు రాష్ట్రములందును కలవు గాని, చెకుముకి తుపాకికే ప్రత్యేకింపబడిన చలికాలపు వేట పెన్సిల్వేనియాకు విశిష్టలక్షణముగా పేర్కొనబడుచున్నది.

పూర్వచరిత్ర

ఈ ఆచారముయొక్క మూలమును గూర్చి రెండు కథనములు వ్యాప్తిలో నున్నవి. అడవులు నరికి ఇండ్లు కట్టుకొన్న పదునెనిమిదవ శతాబ్దపు వలసదారుల వేటయే తండ్రినుండి కొడుకునకు ఎడతెగక సంక్రమించి నేటి విడిదిగా పరిణమించినదనునది జనప్రియమైన కథనము. ఇరువదవ శతాబ్దమున వన్యప్రాణి సంరక్షణ చట్టముల నీడలో, ప్రభుత్వారణ్యములలో ఇది క్రొత్తగా రూపొందినదనునది చట్టములను ఆధారముగా గొన్న కథనము. కాలక్రమమును పరిశీలించినచో రెండవదియే బలవత్తరముగా తోచును. ఏలయన, 1900 ప్రాంతమున ఆ రాష్ట్రమున వేటాడుటకు దుప్పులే కఱవైయుండెను.

మాంసమును, చర్మమును అంగళ్ల కమ్ముటకై సాగిన విచ్చలవిడి వేటయు, హెమ్లాక్, తెల్ల పైన్ వృక్షములను కలపకును, తోళ్లు పదునుపెట్టు పట్టకును కొండలు బోడియగునట్లు నరికివేయుటయు ఇందులకు ముఖ్యకారణములు. నాటికి దేశమంతట మిగిలిన తెల్లతోక దుప్పులు 3,00,000 అని కొందరును, 5,00,000 అని కొందరును అంచనా వేసిరి. ఈ రెంటిలో దేనిని గైకొన్నను పూర్వపు సంఖ్యలో అది అత్యల్పాంశమే. పెన్సిల్వేనియా వేటసంఘము 1895లో ఏర్పడినది. 1906లో మిచిగన్ రాష్ట్రమునుండి 50 దుప్పులను తెప్పించి అడవులలో విడిచిరి; తరువాతి రెండు దశాబ్దములలో పరరాష్ట్రములనుండి వచ్చినవి వేయికి పైబడినవందురు. 1907 నాటి చట్టము కొమ్ములేని దుప్పులను, అనగా పెంటిదుప్పులను కూనలను, చంపుట నిషేధించెను. అదే సమయమున నరికిన కొండలపై లేత చెట్లు మొలచి, దుప్పి నోటికందు ఎత్తున మేత సమృద్ధిగా లభించెను. చట్టమెంత కారణమో ఈ లేత యడవియు అంతే కారణమని చెప్పుట న్యాయము. ఇరువది యేండ్లు తిరుగకుండనే మంద మితిమీరి అడవికే చేటు తెచ్చుటచే, 1923లో కొమ్ములేని దుప్పులకును పరిమితమైన ప్రత్యేక వేటకాలము నేర్పరుపవలసి వచ్చెను. ఆడుదుప్పిని చంపవలెనా వలదా యను వివాదము ఆనాడు మొదలై నేటికిని విడుదుల భోజనపుబల్లల చుట్టును సాగుచునే యున్నది.

విడుదుల పుట్టుక

కలప కంపెనీలు విడిచిపోయిన బీడుకొండలను ప్రభుత్వము 1898 మొదలుకొని కొనుచు వచ్చెను. వైద్యుడును వృక్షశాస్త్రవేత్తయు నైన జోసెఫ్ రాత్రాక్ ఈ కార్యమునకు ఆద్యుడు. అరణ్యవాసము ఆరోగ్యదాయకమని అతడు దృఢముగా నమ్మినవాడు. అట్లు సేకరించిన అరణ్యమునందు చిన్నచిన్న నివేశనస్థలములను పౌరులకు కౌలు కిచ్చు అధికారమును 1913 నాటి చట్టము అటవీశాఖకు ప్రసాదించెను. నేల ప్రభుత్వముది, దానిపై కట్టిన కుటీరము కౌలుదారుది. గనికార్మికులు, ఉక్కుకర్మాగారములలోని పనివారు, చిన్నరైతులు, దుకాణదారులు, అనగా సొంతముగా ఎకరము అడవి కొనజాలనివారు, స్వల్పమైన వార్షిక రుసుముతో కొండలలో ఒక నెలవు సంపాదించుకొనుటకు ఈ చట్టమే మార్గము చూపినది. ఐరోపాలో వేట చిరకాలము ప్రభువుల హక్కుగా నుండగా, ఇచ్చట సామాన్యుని కుటుంబమునకు సంక్రమించుటకు మూలము ఇదియేయని ఈ వ్యాసకర్త అభిప్రాయము. 1970 తరువాత క్రొత్త కౌళ్లు నిలిపివేయబడినవి. నేడు మిగిలియున్న సుమారు 4,000 కౌలు విడుదులు పెక్కు వంశములలో తాతనుండి మనుమనికి సంక్రమించుచున్నవి. ఇవిగాక సొంతనేలపై కట్టుకొన్నవియు, 1933–1942 నడుమ నిరుద్యోగ యువజనులచే ప్రభుత్వము కట్టించి నేటికిని అద్దె కిచ్చుచున్న ఉద్యానవన కుటీరములును కలవు.

పాటర్, టియోగా, క్లింటన్, కామెరన్, ఎల్క్, మెకీన్, ఫారెస్ట్ అను ఉత్తర, మధ్యోత్తర మండలములలో విడుదులు దట్టముగా నున్నవి. తొలినాటి కట్టడములు తారుకాగితము కప్పిన పలకల గదులు. పాత రైలుపెట్టెలను తెచ్చి నిలిపినవారును కలరు. కట్టెపొయ్యి, అంతస్తులుగా అమర్చిన మంచములు, గ్యాసుదీపము, బయటి మరుగుదొడ్డి, గోడపై కొమ్ములు, ఏటేటి వేటను వ్రాసియుంచు దినచర్యపుస్తకము అను నవి సాధారణ సామగ్రి. ఆ పుస్తకములలో మంచు ఎంత పడినది, ఎవరెవరు వచ్చిరి, ఏ దుప్పి ఏ వాగుదరిని పడినదియు నమోదగుచుండును గనుక, స్థానిక చరిత్రకు అవి విలువైన ఆధారములు. వానిని భద్రపరుచుట అత్యవసరము.

చెకుముకి తుపాకి

రైఫిలు వేట ముగిసినపిదప పాతకాలపు ఆయుధముతో వేటాడుటకు 1974లో, ఎంపిక చేసిన కొన్ని ప్రభుత్వ వేటభూములలో, తొలిసారి అనుమతి లభించెను. తరువాత అది రాష్ట్రమంతటికిని విస్తరించెను. ఈ వేట పూర్వకాలమునుండి అవిచ్ఛిన్నముగా వచ్చినది కాక, బుద్ధిపూర్వకముగా పునరుద్ధరింపబడినదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ తుపాకికి మాతృక లాంకాస్టర్ మండలమున జర్మను, స్విస్సు పనివారు అభివృద్ధిచేసిన పొడవుగొట్టపు రైఫిలు. దీనిని మొట్టమొదట చేసినవాడు మార్టిన్ మైలిన్ అనియు, అతని తుపాకిశాల 1719 నాటిదనియు స్థానికులు చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. 2005లో ఆ స్థలమున జరిపిన త్రవ్వకములలో కమ్మరిపనికి గుర్తులు దొరికినవి గాని తుపాకుల తయారీకి నిదర్శనములు కానరాలేదు. కావున ఒక్క వ్యక్తికి ఈ కీర్తి నంటగట్టుటకంటె, పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున పలువురు శిల్పుల చేతులలో అది క్రమముగా రూపుదిద్దుకొన్నదనుట యుక్తము. 2014లో శాసనసభ దీనిని రాష్ట్రపు అధికారిక ఆయుధముగా ప్రకటించినది. తెల్లతోక దుప్పి 1959 నుండియే రాష్ట్ర జంతువు.

తుపాకిమందును కొలిచి గొట్టమున పోసి, నూనెగుడ్డలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టింతురు. ప్రక్కనున్న చిన్న గిన్నెలో మిక్కిలి సన్నని రంజకము వేసి ఉక్కురేకు మూయుదురు. మీట నొక్కగనే తుపాకి గుఱ్ఱపు దవడలలోని చెకుముకిరాయి రేకును గీచి, దానిని వెనుకకు త్రోసి, నిప్పురవ్వలను గిన్నెలో రాల్చును; రంజకము భగ్గుమని, సన్నని రంధ్రముగుండ లోని మందునకు నిప్పంటించును. ఈ క్రమమున మీట నొక్కుటకును గుండు వెలువడుటకును నడుమ కలుగు స్వల్పవిలంబమున గుఱి చెదరకుండ నిలుచుటయే ఈ తుపాకి పట్టువాని ప్రధానశిక్షణ. మంచుతుంపర రంజకమును తడిపినచో రవ్వ పడియు మందంటదు. కొన్నిసార్లు రంజకము మండియు తుపాకి ప్రేలదు. అందుచే యంత్రభాగమునకు కొవ్వు పట్టించిన తోలుతొడుగు వేయుట, చెట్టుక్రింద నిలిచినప్పుడెల్ల రంజకము మార్చుట పెద్దలు పిల్లలకు నేర్పు తొలిపాఠములు. రెండవ గుండునకు అవకాశము దుర్లభము. గుఱి నూఱు గజముల లోపలనే.

చలికాలపు దుప్పి

తెల్లతోక దుప్పి మన చుక్కల దుప్పివలె ఏటేట కొమ్ములు రాల్చి తిరిగి పెంచుకొను జాతి. నవంబరు మధ్యమున జతకట్టు కాలము ఉచ్చదశ నందును. ఆ దినములలో మేత మఱచి తిరిగిన మగదుప్పులు డిసెంబరు చివఱకు మిక్కిలి కృశించియుండును. కొన్నిటి కొమ్ములు అప్పటికే రాలి ఆడుదుప్పులనుండి పోల్చుట కష్టమగును. పలుచోట్ల కొమ్ములకు కనీసపు కొలత విధించిన 2002 నాటి నిబంధన ఆరంభమున తీవ్రవివాదమునకు గురియైనది. కడపటికాలమున మాత్రము చెకుముకి తుపాకివాడు తనయొద్ద మిగిలిన సాధారణ అనుమతిచీటితో కొమ్ములున్నదానినైనను లేనిదానినైనను గ్రహింపవచ్చును. చలి ముదిరినకొలది దుప్పి మేతను తగ్గించి, శరీరపు కొవ్వుపై ఆధారపడి, హెమ్లాక్ తోపులలోను, లారెల్ పొదలలోను గాలి తగులని తావులను, ఎండపడు దక్షిణపు వాలులను ఆశ్రయించును. వారములతరబడి తరుమబడినందున అది అత్యంత జాగరూకమై యుండును.

వేట తీరు

తెలిమంచుపై జాడ తీయుట, మాటున కదలక కూర్చుండుట, పొదలు తొక్కి తరుముట అను మూడు పద్ధతులలో కుటుంబవిడిదికి తగినది మూడవది. వయసు మీరినవారును కొండ యెక్కలేనివారును దుప్పులు దాటు కనుమలందు మాటు వేయగా, యువకులు వరుసగా నిలిచి మెల్లగా పొదలలో నడతురు. ఏ వాగు నెటు దాటునో, ఏ గుట్ట వెనుక గాలి యెటు తిరుగునో తాతకు తెలిసియుండును. నడచు శక్తి మనుమనికి కలదు. ఒకరి జ్ఞానమును ఒకరి బలమును ఇట్లు పరస్పరావశ్యకములగుటచేతనే ఈ వేట తరముల కలయికగా నిలిచినది. మాటువాడు తరుమువారి దిక్కునకు తుపాకి యెత్తరాదనుట అనుల్లంఘనీయము. సూర్యోదయమునకు అరగంట ముందునుండి సూర్యాస్తమయానంతరము అరగంట వఱకే వేటకు సమయము. పడిన దుప్పికి అచ్చటనే చీటి కట్టవలెను. పది దినములలో వేటసంఘమునకు తెలుపవలెను.

లోపలి భాగములు తొలగించిన దుప్పిని గడ్డకట్టని చలిలో వ్రేలాడదీసి మాంసమును పక్వము చేయుదురు. వెన్నుభాగపు మాంసము ప్రశస్తము. గుండెను, కాలేయమును ఉల్లిపాయలతో వేయించి ఆ రాత్రియే భుజించు వాడుక కలదు. మిగిలినది కసాయి చేత ఎండుముక్కలుగను, సాసేజిగను, బొలోనాగను మారును. 1991లో స్థాపితమైన ‘హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్’ సంస్థద్వారా అధికమాంసము ఆకలిగొన్నవారికి చేరుచున్నది.

ప్రస్తుతస్థితి

1980 దశకారంభమున సుమారు 13 లక్షలున్న వేటలైసెన్సులు నేడు 9 లక్షలకు దిగువకు తగ్గినవి. 2006లో ప్రవేశపెట్టిన శిక్షణవిధానమువలన పండ్రెండేండ్లు నిండని పిల్లలును పెద్దల వెంట వేటకు పోగలుగుచున్నారు. విడుదులలో స్త్రీల ప్రవేశమును పూర్వముకంటె అధికమైనది. థాంక్స్‌గివింగ్ పండుగ పిదపటి సోమవారమున ఆరంభమగుచుండిన రైఫిలు వేటను 2019లో శనివారమునకు మార్చిరి. 1873 నుండి సాగిన ఆదివారపు వేట నిషేధము 2019 చట్టముతో సడలి, 2025లో తొలగిపోయినది. పనివారి కుటుంబములకు ఇందువలన సౌలభ్యము కలిగినదని కొందరును, సోమవారపు ముందటి విడిది సంబరము చెడినదని కొందరును అందురు.

2012లో రాష్ట్రమున బయటపడిన దీర్ఘక్షయరోగము దుప్పుల మెదడును నశింపజేయునది. దానికి చికిత్స లేదు. రోగమండలములనుండి తలను, వెన్నెముకను వెలుపలికి కొనిపోరాదను నియమముచే, దుప్పిని చెక్కుచెదరక ఇంటికి తీసికొనిపోవు పూర్వపు అలవాటు పలు విడుదులలో నిలిచిపోయి, ఎముకలు తీసిన మాంసమే ఊరు చేరుచున్నది. దుప్పులు కఱవైన నేలపై చట్టముచేత, కౌలుచేత, స్వచ్ఛందమైన నిగ్రహముచేత ఏర్పడిన ఆచారము గనుక, దీని భవిష్యత్తును వేటగాండ్ర సంఖ్యకంటె అడవి ఆరోగ్యమును, ప్రభుత్వభూమి పౌరులందఱకును అందుబాటులో నుండుటయును అధికముగా నిర్ణయించును.