చల్లనీళ్ల ఫిర్యాదుకు నోబెల్ బహుమతి

2026 ఏప్రిల్ 22కి డాక్టర్ రాబర్ట్ బరానీ పుట్టి 150 ఏళ్లు. నాయకుల జయంతులకే చోటు చాలని పత్రికల్లో ఒక చెవి డాక్టరుకు పేజీ దొరకడం అరుదు. దొరికింది కాబట్టి, ఘాట్ రోడ్డులో బస్సెక్కి కళ్లు తిరిగిన ప్రతివాళ్లూ తెలుసుకోదగిన ఈ వియన్నా మనిషి కథ చెప్పుకుందాం.

చెవి వైద్యం పాతదే. మూడున్నర వేల ఏళ్ల నాటి ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లో చెవి రోగాలకు మందులున్నాయి. తెగిన చెవితమ్మెను అతికే పద్ధతి మన సుశ్రుతుడు చెప్పాడు. అక్కణ్నుంచి ఒక్క గంతులో 1761కి వచ్చేద్దాం. ఆ ఏడు ఇటలీలో కొతూన్యో లోపలి చెవి నిండా ద్రవమే ఉంటుందని రాశాడు. 1820ల్లో ఫ్లురాన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పావురాల చెవుల్లోని అర్ధవృత్తాకార కుల్యలను కోసి చూస్తే, ఆ పక్షులు నిలవలేక గిరగిరా తిరిగాయి. 1861లో పారిస్ వైద్యుడు మెనియేర్ తలతిరుగుడు లోపలి చెవి నుంచీ రావచ్చని చెప్పేదాకా డాక్టర్లు దాన్ని మెదడు జబ్బుగానే చూశారు. 1873లో వియన్నాలో చెవి రోగాలకు ప్రత్యేకంగా క్లినిక్ తెరిచారు. దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకడైన ఆడమ్ పొలిట్సర్ దగ్గరే తర్వాత మన కథానాయకుడు పనికి కుదిరాడు.

చిన్నతనంలో ఎముకల క్షయ వల్ల బరానీ మోకాలు బిగిసిపోయింది. ఆ కాలితోనే టెన్నిస్ ఆడేవాడు, కొండలెక్కేవాడు. 1900లో డాక్టరయ్యాడు. క్లినిక్‌లో రోజూ చెవుల్లోకి నీళ్లు పిచికారీ కొట్టి కడగడం ఆయన పని. కడుగుతుంటే కొందరికి కళ్లు తిరిగేవి, కనుగుడ్లు అటూ ఇటూ అదిరేవి. ఇది డాక్టర్లందరూ చూసిందే, ఎవరూ పట్టించుకోనిదే.

ఒకరోజు ఓ రోగి ఫిర్యాదు చేశాడు: నీళ్లు తగినంత వెచ్చగా లేకపోతేనే తనకు తల తిరుగుతుందట, ఇంట్లో వెచ్చటి నీళ్లతో కడుక్కుంటే ఏమీ కాదట. ఇంకో డాక్టరయితే సరేలెమ్మని ఊరుకునేవాడేమో. బరానీ మరుసటిసారి వేడినీళ్లు తెమ్మని నర్సుకు చెప్పాడు. ఆమె కాస్త ఎక్కువ వేడివే తెచ్చింది. రోగికి మళ్లీ తల తిరిగింది. బరానీ అతని కళ్లలోకి చూశాడు: చల్లనీళ్లకు ఒకవైపు అదిరిన కనుగుడ్లు ఇప్పుడు రెండోవైపు అదురుతున్నాయి!

స్నానాల గదిలో కాగే నీళ్లలో వేడివి పైకి, చల్లవి కిందికి చేరడం అందరూ ఎరిగిందే. చెవిలోని ద్రవమూ అలాగే కదులుతుందని ఆయన ఊహించాడు. అదే నిజమైతే తలను తలకిందులు చేసినప్పుడు కళ్ల అదురు దిశ కూడా మారాలి. చేసి చూస్తే మారింది. తల తిరుగుతోందన్న మాటను డాక్టరు అంతవరకూ నమ్మితే నమ్మాలి, లేకుంటే లేదు. ఇప్పుడు గ్లాసెడు నీళ్లతో ఏ చెవి పనిచేస్తోందో, ఏది చేయడం లేదో కళ్లలోనే కనిపెట్టొచ్చు. దీనికే 1914 సంవత్సరపు నోబెల్ వైద్య బహుమతి దక్కింది.

ఆ కబురు అందేనాటికి ఆయన ఖైదీ. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆస్ట్రియా సైన్యానికి సివిలియన్ సర్జన్‌గా వెళ్లి, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ప్షెమిషిల్ కోటలో తలకు గాయాలైన సైనికులకు వైద్యం చేశాడు. నెలల తరబడి ముట్టడిలో ఉన్న ఆ కోట 1915 మార్చి 22న రష్యన్ల వశమైంది. లక్షకు పైగా సైనికులతో పాటు డాక్టర్లూ బందీలయ్యారు. బరానీని మధ్య ఆసియాలోని మెర్వ్‌కు పంపారు. ఒకప్పటి పట్టు రహదారి పట్నం, ఇప్పటి తుర్క్‌మెనిస్థాన్‌లోని మారీ ప్రాంతం. నోబెల్ విజేత ముళ్లకంచె వెనకాల ఉన్నాడని తెలిసి స్వీడన్ రాజకుమారుడు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున రష్యాతో మాట్లాడాడు. 1916లో బరానీ విడుదలై స్టాక్‌హోం చేరి, సెప్టెంబరులో నోబెల్ ప్రసంగం చేశాడు.

కథ ఇక్కడ ఆపితే శుభం కార్డు వేసుకోవచ్చు. తర్వాతి సంగతులు ఒక వరసలో రావు. వియన్నాకు తిరిగొచ్చిన ఆయనకు దండలు పడలేదు. తనకు ముందు పనిచేసినవాళ్ల పేర్లు సరిగా చెప్పలేదని సహోద్యోగులు ఎండగట్టారు. మనసు విరిగి స్వీడన్‌లోని ఉప్సాలాకు ఆచార్యుడిగా వెళ్లిపోయాడు. అక్కడి చెవి వైద్యులు ఆయన్ని సమర్థిస్తూ రాశారు. ఇంకో తమాషా: ఒకప్పుడు మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఈయన్ని శిష్యుడిగా చేర్చుకోలేదు. ఈయనేమో తర్వాత ఫ్రాయిడ్‌కు నోబెల్ ఇమ్మని ప్రతిపాదించాడు. ఫ్రాయిడ్‌కు అది ఎన్నడూ రాలేదు. బరానీ 1936 ఏప్రిల్ 8న, అరవై నిండడానికి రెండు వారాల ముందు కన్నుమూశాడు. మనవడు ఆండెర్స్ భౌతికశాస్త్రంలో నోబెల్ కమిటీకి కార్యదర్శి అయ్యాడు.

చెవిలోని ద్రవం గురించి బరానీ చెప్పిన సిద్ధాంతానికీ చిక్కొచ్చింది. వేడి పైకి పోవాలంటే గురుత్వం ఉండాలి. 1983లో స్పేస్‌ల్యాబ్‌లో, భారమే లేనిచోట వ్యోమగాముల చెవులను వేడిచేసి, చల్లబరిచి చూస్తే కళ్లు అక్కడా అదిరాయి! అంటే బరానీ చెప్పిన కారణం ఒక్కటే చాలదు. పరీక్షకు మాత్రం ఢోకా లేదు. ఇవాళ్టికీ 30, 44 డిగ్రీల నీళ్లతో చెవి పరీక్ష చేస్తూనే ఉన్నారు.

ఆ రోగి పేరు మాత్రం చరిత్రకెక్కలేదు. ఇతరులకు దక్కాల్సింది దక్కనివ్వలేదని నింద పడ్డ బరానీ, నోబెల్ ప్రసంగంలో ఆ నీళ్ల ఫిర్యాదును మరచిపోకుండా చెప్పాడు. రోగి మాట ఆలకించడమే కాదు, కీర్తి వచ్చాక కూడా ఆలకించానని ఒప్పుకోవడం ఎంతమంది డాక్టర్లకు చేతనవుతుంది? ఆ ఒక్కటి చాలు, వియన్నావాళ్ల పద్దులో సగం కొట్టేయొచ్చని నా లెక్క.